గడ్డలు మళ్లీ వచ్చాయి: గర్భసంచి తీయించాలా, ఉంచుకోవాలా?

నాలుగేళ్ల కిందట గర్భసంచిలో గడ్డలు (ఫైబ్రాయిడ్లు) తీయించుకున్న మా వదినకు మొన్నటి స్కానింగ్‌లో మళ్లీ మూడు కనిపించాయి. వయసు 44. "ఇంకెందుకే, సంచి తీయించేస్తే పీడా పోతుంది" అని ఇంట్లో పెద్దవాళ్లంతా ఒకటే మాట. మన వైపు ఆ మాట మహా తేలిగ్గా వస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7.

తిరగబెట్టిన గడ్డల విషయంలో నేను ముందు అడిగేది సైజు కాదు, నెలసరి ఆగడానికి ఇంకా ఎన్నేళ్లుంది అని. ఫైబ్రాయిడ్‌కు తిండి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే ఆడ హార్మోన్లు. అవి తగ్గితే గడ్డా ముడుచుకుంటుంది. మనవాళ్లకు సగటున 46-47 ఏళ్లకే ముట్లు ఆగిపోతాయి. అంటే 44 ఏళ్ల మనిషి దాటించాల్సింది కొద్ది కాలమే. అదే 32 ఏళ్లైతే లెక్క పూర్తిగా వేరు.

పిల్లలు కావాలనుకునేవాళ్లకు రెండోసారైనా గడ్డలు మాత్రమే తీసే మయోమెక్టమీయే సాధారణంగా మేలు. కాకపోతే మొదటి కోత వల్ల లోపల పేగులూ సంచీ అతుక్కుని ఉండొచ్చు, రక్తం ఎక్కువ పోవచ్చు. కంటికి ఆనని చిన్న గడ్డలు మిగిలిపోయి మళ్లీ పెరగనూ వచ్చు, అది సర్జన్ తప్పు కాదు. గడ్డ సంచి లోపలి గదిలోకి పొడుచుకొస్తే మాత్రం పొట్ట కోయక్కర్లేదు, హిస్టెరోస్కోపీతో, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టంతో, కింది నుంచే తీస్తారు.

ఎంబలైజేషన్ గురించి మన దగ్గర చాలామందికి ఎవరూ చెప్పరు. చేసేది గైనకాలజిస్టు కాదు, రేడియాలజిస్టు. అదీ ఒక కారణమేమో. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకు రక్తం అందించే నాళాలను ఇసుకలాంటి రేణువులతో మూసేస్తారు. మొదటి రెండు మూడు రోజులు నొప్పి గట్టిగానే ఉంటుంది. గర్భసంచి నిలుస్తుంది. కానీ నెదర్లాండ్స్‌లో ఇలా చేయించుకున్నవాళ్లను పదేళ్లు గమనిస్తే, దాదాపు మూడో వంతు మందికి చివరికి సంచి తీయాల్సే వచ్చింది. 2020లో వెలువడ్డ బ్రిటన్ పరిశోధనలో 254 మందిని రెండు గుంపులు చేసి చూశారు. రెండేళ్ల తర్వాత ఎంబలైజేషన్ కంటే గడ్డలు తీయించుకున్నవాళ్లే కాస్త హాయిగా ఉన్నారు, తేడా పెద్దదేం కాదు. పిల్లలు కావాలనుకునేవాళ్లకు ఎంబలైజేషన్‌ను మామూలుగా సూచించరు.

ఇక గర్భసంచి తీయడం. గడ్డలు మళ్లీ రావు, అది నిజం. పిల్లలు చాలనుకుని, రక్తం ఎక్కించుకుంటూ బతుకుతున్న మనిషికి, మందులేవీ పనిచేయనప్పుడు, ఇదే సరైన దారి కావచ్చు. అయితే "అండాశయాలు కూడా తీసేస్తారా?" అని తప్పక అడగండి. నెలసరి ఆగే వయసుకు ముందే అవి పోతే ఒంట్లో ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం ముందే మొదలవుతాయి. వాటిని ఉంచినా ముట్లు ఆగే దశ కాస్త ముందే రావచ్చు. కారణం లేకుండా ఈ ఆపరేషన్లు చేస్తున్నారన్న ఫిర్యాదులపై 2023లో సుప్రీంకోర్టు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలు మూడు నెలల్లో అమలు చేయాలని చెప్పింది.

వదిన గడ్డలు కండరంలోనే ఉన్నాయి, లోపలి గది వంకర పోలేదు. డాక్టరమ్మ హార్మోన్ లూప్ (సంచి లోపల ఉంచే, హార్మోన్ విడుదల చేసే చిన్న సాధనం) పెట్టి, ఐరన్ మాత్రలు రాసిచ్చింది. లూప్ గడ్డను కరిగించదు, బ్లీడింగ్ తగ్గిస్తుంది, అంతే. మూడు నెలల హార్మోన్ ఇంజక్షన్లు గడ్డను కుదిస్తాయి గానీ, ఆపగానే మళ్లీ పెరుగుతుందని వాటికి డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ముట్లు ఆగిపోయాక కూడా గడ్డ పెరుగుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మని గట్టిగా చెప్పింది.

అత్తయ్య ఇంకా గొణుగుతూనే ఉంది. వదిన మళ్లీ స్కానింగ్ ఆరు నెలల తర్వాత.