ముల్లు తడి ఉందంది, మొక్క లేదంది: టెన్షియోమీటర్‌తో నాలుగేళ్లు

టమాటా తోటలో రెండు టెన్షియోమీటర్లు పెట్టి నాలుగేళ్లయింది. ఇది కింద పింగాణీ మొన, పైన ముల్లున్న మీటరు ఉండే నీళ్ల గొట్టం. నేల నీళ్లను ఎంత గట్టిగా లాగుతోందో ముల్లు సెంటీబార్లలో చూపిస్తుంది, నేల ఆరేకొద్దీ అంకె పెరుగుతుంది. ఒకటి 30 సెంటీమీటర్ల లోతున, ఇంకోటి 60 సెంటీమీటర్ల లోతున. మొదటి ఏడాది నా కళ్లు తెరిపించింది లోతు గొట్టమే. అప్పట్లో రోజు మార్చి రోజు డ్రిప్ వదిలేవాణ్ని. పైదాని ముల్లు 20 దాటి తిరుగుతుంటే, లోతుది 10 సెంటీబార్లు దాటేదే కాదు. నేను పెట్టే నీళ్లు కొంత వేళ్లను దాటి కిందికి దిగిపోతున్నాయి, ఎరువునూ వెంట తీసుకుపోతున్నాయి. ఇప్పుడు పైది 40 దగ్గరికి వచ్చాకే మోటారు వేస్తున్నాను. తడులు తగ్గాయి, కాపు తగ్గలేదు.

బ్యాటరీ అక్కర్లేదు, నేలలో ఉప్పు ఉన్నా లెక్క తప్పదు అని అడిగినవాళ్లందరికీ చెప్పాను. అదీ నిజమే.

కానీ మూడో ఏడాది, ఎండలు ముదిరిన రోజుల్లో నాలుగు రోజులు ఊళ్లో లేను. వెళ్లేటప్పుడు ముల్లు 35, వచ్చి చూస్తే 5. ఇంట్లోవాళ్లు తడి పెట్టారు కాబోలనుకుని అడగనైనా లేదు. మర్నాడూ అంతే ఉంది. మూడో రోజు పొద్దున్నే ఆకులు వేలాడుతున్నాయి. మధ్యాహ్నం వాలితే ఎండ అనుకోవచ్చు, తెల్లారినా తేరుకోలేదంటే బెట్టే. మొక్క మొదట్లో జానెడు తవ్వితే మట్టి పొడిపొడిగా రాలింది. గొట్టంలో నీళ్లు సగానికి దిగిపోయి ఉన్నాయి.

నేల బాగా ఆరి లాగుడు 80 సెంటీబార్లు దాటితే పింగాణీ మొన గుండా గాలి దూరుతుంది, వాక్యూమ్ పోతుంది, ముల్లు సున్నా వైపు వచ్చేస్తుంది. నీళ్లు నిలిచిన నేలకూ అదే అంకె, పట్టు తప్పిన గొట్టానికీ అదే అంకె! సరిగ్గా అవసరమైన రోజునే అది నన్ను నమ్మించి ముంచింది. ఆ వారం పట్టిన పిందెల్లో చాలావాటికి అడుగున నల్లమచ్చ వచ్చింది.

అందుకే ఇప్పుడు ముందు గొట్టంలో నీటిమట్టం చూస్తాను, తర్వాతే ముల్లు. తగ్గితే కాచి చల్లార్చిన నీళ్లు పోసి, చేతిపంపుతో బుడగలు లాగేస్తాను. ఎండాకాలంలో ఇది వారానికోసారి ఉండే పని, బ్యాటరీ లేదన్న సంతోషం అక్కడ కొంత తగ్గుతుంది.

నాది మరీ ఇసుకా, మరీ జిగటా కాని నేల. ఇల్లు తోట పక్కనే. కాబట్టి నేను దీన్ని వదలను. నెర్రెలిచ్చే నల్లరేగడిలో మొన చుట్టూ మట్టి విడిపోతుంది, అక్కడైతే నేను పెట్టను. పొలానికి వారానికోసారి వెళ్లేవాళ్లకు కూడా పెట్టుకోమని చెప్పలేను.