రోటరీలో ఏటేటా నాయకత్వ మార్పిడి: రాయగడ నుంచి ఒక పాత సభ్యుని సమీక్ష

రోటరీ ఇంటర్నేషనల్ అనే సేవా సంస్థలో ప్రతి జూలై 1న ప్రపంచ అధ్యక్షుడు మొదలుకొని రోటరీ జిల్లా (కొన్ని క్లబ్బుల సముదాయం) గవర్నరు, ఊరి క్లబ్బు అధ్యక్షుడి వరకు అందరూ ఒకే రోజున మారిపోతారు. 1905లో చికాగోలో పాల్ హారిస్ ప్రారంభించిన ఈ సంస్థకు నేడు దాదాపు 12 లక్షల మంది సభ్యులున్నారు. ఇంత పెద్ద వ్యవస్థ ఏటా పగ్గాలు చేతులు మార్చుకోవడం వల్ల సామాన్య సభ్యుడికి ఒరిగేదేమిటి, పోయేదేమిటి అన్నది, ఒడిశాలోని రాయగడలో వ్యాపారం చేసుకుంటూ చాలాకాలంగా సభ్యుడిగా, కొంతకాలం కార్యదర్శిగా ఉన్న అనుభవంతో రాస్తున్నాను.

ప్రపంచ అధ్యక్షుడు ఎవరన్నది మా దైనందిన పనిపై చూపే ప్రభావం చాలా తక్కువ. 2025-26కు ఎన్నికైన బ్రెజిల్ వాసి మారియో సెజార్ మార్టిన్స్ డి కమార్గో పదవి చేపట్టక ముందే తప్పుకోగా, ఇటలీకి చెందిన ఫ్రాన్సెస్కో అరెజ్జో ఆ స్థానంలోకి వచ్చారు. ఇంకో సంస్థలోనైతే కల్లోలం రేగేది. ఇక్కడ మా సమావేశాల తేదీలు కూడా మారలేదు. 2011లో ప్రధాన కార్యదర్శి అయిన జాన్ హ్యూకో ఎందరో అధ్యక్షులతో పనిచేశారు. అసలు కొనసాగింపు అమెరికాలోని ఎవాన్‌స్టన్‌లో ఉన్న రోటరీ ప్రధాన కార్యాలయానిదేనని నా అభిప్రాయం. ఏటా మారే నినాదం మాత్రం మాకు బ్యానర్ల ఖర్చు తెచ్చిపెట్టేది. 2022-23లో ‘ఇమాజిన్ రోటరీ’, మరుసటి ఏడు ‘క్రియేట్ హోప్ ఇన్ ద వరల్డ్’ అని రాయించాం గాని, వాటి కింద చేసిన రక్తదాన శిబిరం, కంటి శిబిరం మాత్రం ఎప్పటివే.

సభ్యుడి జీవితాన్ని మార్చిన నిర్ణయాలు మూడేళ్లకోసారి కూడే రోటరీ శాసన మండలి (సంస్థ నియమాలు మార్చే ప్రతినిధుల సభ) నుంచి వచ్చాయి. మహిళలకు సభ్యత్వం 1989లో ఆ మండలి ఇచ్చినదే. తొలి మహిళా అధ్యక్షురాలు జెనిఫర్ జోన్స్ రావడానికి మాత్రం 2022 దాకా పట్టింది. వారంవారం తప్పనిసరిగా కూడాలన్న నిబంధనను 2016లో సడలించి, నెలకు కనీసం రెండు సమావేశాలు చాలన్నారు. పండుగ సీజన్లో దుకాణం వదిలి రాలేని మాలాంటి వాళ్లకు అది ఏ అధ్యక్షుడూ ఇవ్వని వెసులుబాటు.

ఏడాది పదవీకాలపు బలహీనత అంతర్జాతీయ సహకారం దగ్గరే బయటపడుతుంది. పెద్ద ప్రాజెక్టులకు రోటరీ ఫౌండేషన్ ఇచ్చే గ్లోబల్ గ్రాంటు కావాలంటే పని జరిగే చోటి క్లబ్బు, వేరే దేశపు క్లబ్బు కలిసి దరఖాస్తు పెట్టాలి. ప్రాజెక్టు బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. స్థానికుల అవసరాలేమిటో ముందుగా సర్వే చేసి చూపాలి. నియమగిరి చుట్టుపక్కల కొండ గూడేలకు తాగునీరు అందించాలనుకుంటే, గూడెం పెద్దలతో కూర్చుని మాట్లాడటానికే ఒక వానాకాలం పోతుంది. విదేశీ భాగస్వామిని వెతికి, ఆమోదం పొంది, పని ముగించి, లెక్కలు పంపే లోగా ఇక్కడా అక్కడా అధ్యక్షులు మారిపోతారు. కొత్తాయనకు తన ఏడాదిలో ప్రారంభోత్సవం కావాలి. సగంలో ఉన్న పనికి పేరు పాతాయనదవుతుందన్న సంకోచం మనుషులకు సహజం. అందుకే గ్రాంటు బాధ్యతను అధ్యక్షుడికి కాక, కనీసం మూడేళ్లు మారని కమిటీకి అప్పగించిన క్లబ్బులే ఈ పనిలో రాణిస్తాయి.

పోలియో నిర్మూలన ఇందుకు పెద్ద ఉదాహరణ. 1985లో మొదలైన రోటరీ పోలియో నిర్మూలన కార్యక్రమం పోలియోప్లస్‌ను ఆ తర్వాతి అధ్యక్షులెవరూ పక్కన పెట్టలేదు. భారతదేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితమని ధ్రువీకరించింది. సంతరోజున, రైల్వే స్టేషన్లో పసిపిల్లలకు చుక్కలు వేయించే పనిలో తెలుగు సభ్యులు, ఒడియా సభ్యులు కలిసి నిలబడినప్పుడు ఆ ఏటి అధ్యక్షుడి పేరు ఎవరికీ గుర్తుండేది కాదు.

నాకు నిజంగా లోటనిపించేది గ్రూప్ స్టడీ ఎక్స్చేంజ్. రోటరీ సభ్యులు కాని యువ ఉద్యోగులను బృందంగా మరో దేశానికి పంపే ఈ పథకం 1965లో మొదలై, గ్రాంట్ల విధానం మారిన 2013లో ముగిసింది. దాని స్థానంలో వచ్చిన వృత్తి శిక్షణ బృందాలు నిర్దిష్టమైన పనికోసం వెళ్తాయి, వస్తాయి. ఒకరింట్లో ఒకరు ఉండి పెరిగే చనువు ఆ పద్ధతిలో తక్కువ.

ఖర్చు విషయానికొస్తే, అంతర్జాతీయ సంస్థకు కట్టాల్సింది 2025-26లో తలకు ఏడాదికి 82 డాలర్లు. జిల్లా చందా, క్లబ్బు చందా, భోజనాలు వేరు. రాయగడ, జయపురం, గుణుపురం వంటి పట్టణాల్లో చేరాలనుకునే తెలుగువారు ప్రస్తుత అధ్యక్షుడి ఉపన్యాసం విని నిర్ణయించుకోవద్దు. వచ్చే ఏటి అధ్యక్షుడెవరో, నిరుటి పనుల్లో ఇంకా ఏవి నడుస్తున్నాయో అడగండి. రెండో ప్రశ్నకు జవాబు దొరకని క్లబ్బులో ఆ చందా కట్టాలని నేనైతే చెప్పను.