మైనస్ 30లో ఫార్గో: గది కన్నా ప్లగ్ పాయింట్ ముఖ్యం

తమ్ముడు ఫార్గోలో, నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీలో ఎం.ఎస్. చేస్తున్నాడు. చేరినప్పటి నుంచీ "చలికాలంలో ఒకసారి రా అన్నయ్యా" అని ఒకటే పోరు. 2019 జనవరి ఆఖరి వారంలో బయలుదేరాను. ముహూర్తం భలే కుదిరింది. ఉత్తర ధ్రువం మీద తిరగాల్సిన చలిగాలి సరిగ్గా అదే వారం అమెరికా మీదికి జారింది. టీవీ పెడితే చాలు, పోలార్ వోర్టెక్స్ గొడవే. డాలస్‌లో ఉంటూ స్వెటర్ తీసినప్పుడల్లా చలికాలం అనుకునేవాణ్ణి. లంబసింగిలో సున్నా డిగ్రీలు అంటేనే మనవాళ్లు కార్లేసుకుని చూడ్డానికి పోతారు. ఇక్కడ సున్నా సెల్సియస్ అంటే జనవరిలో మంచి ఎండ రోజు కింద లెక్క.

టికెట్ చవకని మినియాపొలిస్‌లో దిగి కారు అద్దెకు తీసుకున్నాను. మొదటి రాత్రి డౌన్‌టౌన్‌లో, స్కైవేకి కలిసి ఉన్న హోటల్లో. దీనికి మాత్రం కళ్లు మూసుకుని మార్కులేస్తాను. స్కైవే అంటే భవనాల రెండో అంతస్తుల్ని కలుపుతూ రోడ్ల మీదుగా వేసిన అద్దాల నడవాలు. మొత్తం 15 కిలోమీటర్లు, దాదాపు 80 బ్లాకులు. కోటు గదిలోనే వదిలేసి భోజనానికి వెళ్లొచ్చాను. సాయంత్రమైతే చాలా కొట్లు కట్టేస్తారు, ఆలస్యం చేస్తే ఖాళీ నడవాల్లో ఒక్కళ్లమే తిరగాలి. గది అద్దె ఎక్కువే, అయినా ఆ వారంలో అది దండగ కాదు.

మంగళవారం ఐ-94 హైవే మీద ఫార్గోకి. మామూలుగా మూడున్నర గంటల దారి, నాకు ఐదు పట్టింది. ఫెర్గస్ ఫాల్స్ అనే ఊరు దాటాక నేల చాప పరిచినట్టు అయిపోతుంది. వేల ఏళ్ల కిందట అదంతా అగాసీ అనే మహా సరస్సు అడుగట. గాలిని ఆపడానికి గుట్ట లేదు, పెద్దగా చెట్లూ లేవు. మంచు పొగలా రోడ్డుకి అడ్డంగా పాకుతూ ఉంటే గీతలు కనపడవు. గాలిలోని మంచు పలుకుల మీద వెలుగు పడి, సూర్యుడికి అటొకటి ఇటొకటి రెండు దొంగ సూర్యుళ్లు మెరిశాయి. అంత అందంగా ఉన్నా బండి ఆపి ఫోటో తీసే ధైర్యం చాల్లేదు. అంతకుముందు దారిలో అలెగ్జాండ్రియా అనే ఊళ్లో పెట్రోలు కోసం ఆగినప్పుడు కార్డు మీటలు నొక్కడానికి ఒక చేతి గ్లవ్ తీశాను, అంతే. నిమిషంలోపే వేళ్లు మంటపుట్టి, తర్వాత ఏమీ తెలియకుండా పోయాయి. రెండోదే భయపెట్టింది. గ్లవ్స్ బదులు నాలుగు వేళ్లూ కలిసి ఉండే మిటెన్స్ కొనుక్కోండి, లోపల పల్చటి గ్లవ్ వేసుకోండి.

ఫార్గోలో హైవే పక్క హోటల్. గది వెచ్చగా, శుభ్రంగా ఉంది. పొద్దున వాఫిల్స్, కాఫీ. అన్నీ బాగున్నాయి, పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ తప్ప. బుక్ చేసేటప్పుడు ఆ మాట అడగాలని నాకేం తెలుసు! ఇక్కడి కార్ల ముందు జాలీలోంచి ఒక కరెంటు వైరు వేలాడుతుంటుంది. రాత్రి దాన్ని స్తంభానికున్న సాకెట్‌లో పెడితే ఇంజన్ గడ్డకట్టకుండా వెచ్చగా ఉంటుంది. దీన్ని బ్లాక్ హీటర్ అంటారు. నా అద్దె కారుకి ఆ వైరూ లేదు, హోటల్లో సాకెట్టూ లేదు.

బుధవారం పొద్దున మైనస్ 30 ఫారన్‌హీట్ దాటింది. అంటే మన లెక్కలో మైనస్ 34. గాలితో కలిపితే ఫారన్‌హీట్‌లో మైనస్ 50 కన్నా కిందే. బయట ఉన్న చర్మం ఐదు పది నిమిషాల్లో చచ్చుబడుతుంది. ఆ రోజు మిన్నెసోటా, నార్త్ డకోటాల్లో పోస్టల్ శాఖ ఉత్తరాల బట్వాడాయే ఆపేసింది. తాళం తిప్పితే కారు ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది. కారు కంపెనీ రోడ్డు సాయం నంబరుకి చేస్తే నలభై నిమిషాలు సంగీతం వినిపించి, సాయంత్రానికి వస్తామన్నారు. దానికి విడిగా డబ్బు కట్టానని చెప్పుకోవడానికే సిగ్గు. చివరికి పక్కన పికప్ పెట్టుకున్న పెద్దాయన, అడక్కుండానే కేబుల్స్ తీసి స్టార్ట్ చేసిపెట్టాడు. కదిలాక కింద దడదడ శబ్దం. టైర్లు నిలబడ్డ చోటే చదునై గట్టిపడ్డాయట. రెండు మైళ్లు పోయాక గాని గుండ్రం కాలేదు.

ఆ రాత్రి నుంచి మకాం తమ్ముడి అపార్ట్‌మెంట్‌కి మార్చాను. కింద పరుపు, ముక్కులో రక్తం వచ్చేంత పొడిగాలి, ముగ్గురు కుర్రాళ్లు, ఒకటే బాత్‌రూమ్. కానీ దగ్గర్లోనే మూసి ఉన్న గరాజ్‌లో కారుకి చోటు దొరికింది. హాయిగా నిద్రపోయాను.

చూడాల్సినవాటిలో నాకు నచ్చింది రెడ్ రివర్ అవతల, మూర్‌హెడ్‌లోని యెమ్‌కోమ్స్ట్ సెంటర్ అనే మ్యూజియం. బడిలో పిల్లలకు సలహాలిచ్చే కౌన్సిలర్ ఒకాయన బంగాళాదుంపల గోదాములో వైకింగ్ నావ కట్టాడు. అది సముద్రం దాటడం చూడకుండానే పోయాడు. 1982లో ఆయన పిల్లలు, తోటివాళ్లు కలిసి దాన్ని నార్వే దాకా నడిపారు. ఆ నావే అక్కడుంది. గంటన్నర కోటు విప్పి కూర్చోవచ్చు, అదొక లాభం. 1926 నాటి ఫార్గో థియేటర్ బయటి నుంచి చూసి వచ్చేశాను, కనురెప్పలు అతుక్కుపోతుంటే ఏం చూస్తాం. తిండికొస్తే నెఫ్లా సూప్ వదలకండి. బంగాళాదుంపలు, పిండి ముద్దలు, మీగడ. వేడివేడి గిన్నె చేతుల్లో పెట్టుకోవడమే సగం సుఖం. శాకాహారులు మాత్రం అడిగి తీసుకోండి, చాలా చోట్ల చికెన్ రసంతో చేస్తారు.

శనివారానికి చలి ఒక్కసారిగా విరిగింది. తిరిగి వచ్చే రోజు క్యాంపస్‌లో ఒక కుర్రాడు నిక్కరు వేసుకుని నడుస్తున్నాడు. తమ్ముడు ఇప్పుడు "జూలైలో రా అన్నయ్యా" అంటున్నాడు. అప్పుడు దోమలట.