కోరింగ మడ అడవి: నీళ్లు దిగినప్పుడు వెళ్లండి

కాకినాడలో కాపురం పెట్టి పదకొండేళ్లయింది. సముద్రపు ఉప్పునీళ్లు ఎక్కి దిగే బురదలో పెరిగే మడ చెట్ల అడవి ఈ కోరింగ అభయారణ్యం. అక్కడికి నేను వెళ్లింది రెండే సార్లు. మొదటిసారి కార్తీక మాసంలో, ఆదివారం, బంధువులం పదిహేను మందిమి. పడవ కోసం వరసలో నించున్నాం, పులిహోర తిన్నాం, ఫొటోలు దిగాం, వచ్చేశాం. అడవి చూశానని చెప్పుకోలేను. మొన్న ఫిబ్రవరిలో ఒక మంగళవారం మా మావయ్యని తీసుకుని మళ్లీ వెళ్లాను. ఆయనకి డెబ్బై రెండేళ్లు. తాళ్లరేవు పక్క పల్లెలో పుట్టి, ముప్ఫై ఏళ్లు ఆ పాయల్లో వల వేసిన మనిషి. మోకాళ్లు పట్టేశాక ఆ నీళ్ల వంక వెళ్లింది లేదు.

కాకినాడ నుంచి యానాం రోడ్డులో వెళ్తుంటే చొల్లంగి దగ్గర, సముద్రం వైపు. పుష్య అమావాస్యకి చొల్లంగి తీర్థానికి వెళ్లినవాళ్లకి దారి చెప్పక్కర్లేదు. మేం ఆటోలో తొమ్మిదిన్నరకల్లా చేరాం. ఆ వేళకి మాతో పాటు ఒక జంట, కెమెరా పట్టుకున్న కుర్రాడు, అంతే.

పడవ వెంటనే లేదు. నీళ్లు దిగిపోయి ఉన్నాయి, పోటు ఎక్కాలి, మధ్యాహ్నం అవుతుందన్నారు. నా మొహం చూసి మావయ్య, "మంచి వేళకే వచ్చాం, పద" అన్నారు. ఆ మాట ఎందుకన్నారో అడవిలోకి వేసిన కర్రల వంతెన మీద వంద అడుగులు వేసేసరికి తెలిసింది.

ఇక్కడ చూడవలసింది బురద. నీళ్లు దిగితేనే అది బయటపడుతుంది. చెట్ల కింద నేలంతా జానెడు జానెడు పుల్లలు నిటారుగా లేచి ఉంటాయి, వరి కోసేశాక మిగిలిన దుబ్బుల్లాగా. అవి మడ చెట్ల వేళ్లు. ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టి కింది వేళ్ల నుంచి పైకి లేచి ఊపిరి పీల్చుకుంటాయి. తెల్ల మడ ఆకు మీద వేలితో రాసి నాలిక్కి అద్దుకోమన్నారు మావయ్య. ఉప్పగా తగిలింది. ఒంట్లోకి చేరిన ఉప్పుని ఆ చెట్టు ఆకుల్లోంచి బయటికి నెట్టేస్తుందట. ఉప్పు పొన్న దగ్గర ఇంకో వింత: గింజ కాయలో ఉండగానే, కొమ్మకి వేలాడుతూనే మొలకెత్తుతుంది. పొడుగాటి మొలకతో సహా కింద పడి, బురదలో దిగబడి నాటుకుంటుంది. నీళ్లలో పడితే తేలుకుంటూ పోయి ఇంకో గట్టు పట్టుకుంటుంది.

పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకి ఒక్క మాట. కొమ్మలు తుంచనివ్వకండి. వాటిలో తిల్ల చెట్టు ఉంటుంది, తుంచితే పాలు కారతాయి. "కంట్లో పడితే చూపు పోద్ది, మా వాళ్లు దీన్ని పొయ్యిలోకి కూడా తేరు" అన్నారు మావయ్య.

వంతెన మధ్యలో ఒక చోట ఆగాం, ఆయన మోకాళ్ల కోసం. అరగంట కదల్లేదు. బురదలోంచి వేడి నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట చప్పుడు వస్తూనే ఉంది. ఒక రకం రొయ్యలు డెక్క టక్కున మూసే చప్పుడట. చూస్తుండగా ఒక్కో కన్నంలోంచి పీతలు బయటికొచ్చాయి. ఒక డెక్క చిన్నది, ఇంకోటి ఒంటికి మించిన ఎర్రటి డెక్క, దాన్ని ఎత్తి ఊపుతూ. రెక్కల మీద పాక్కుంటూ గెంతే బురద చేపలు. మన నీడ కదిలితే చాలు, అన్నీ మాయం. మళ్లీ పది నిమిషాలు ఊరుకుంటే అన్నీ ప్రత్యక్షం. లకుముకి పిట్ట ఒకటి నా ఎదురుగానే మునిగి చేపతో లేచింది. బావురు పిల్లి మాత్రం కనబడుతుందని ఆశ పెట్టుకోకండి. చేపలు పట్టి బతికే ఆ పిల్లి ఎక్కువగా రాత్రిళ్లే తిరుగుతుంది.

పన్నెండు దాటాక పెద్ద స్పీకరు పెట్టుకుని ఒక గుంపు వచ్చింది. పిట్టలన్నీ లేచిపోయాయి. వాళ్లు విసిరిన చిప్స్ ప్యాకెట్లు ఆ ఊపిరి వేళ్ల మీదే పడ్డాయి. ఆ వేళ్లని కప్పేస్తే చెట్టుకి ఊపిరాడదని తెలిస్తే అలా చేయరేమో. నేను వెళ్లి చెప్పాను. ఒకమ్మాయి దిగి, అందినంత వరకు ఏరింది. ఆ అమ్మాయికి నా దణ్ణాలు.

ఒంటిగంట దాటాక పడవ కదిలింది. ఎక్కేటప్పుడు మావయ్యకి పడవబ్బాయి చెయ్యందించాడు. పెద్దవాళ్లతో వెళ్తే ఆ ఒక్క అడుగే కష్టం. రెండు పక్కలా చెట్లు నీళ్లలోకి దిగి ఉన్నాయి. పొద్దున చూసిన పుల్లలు, పీతల కన్నాలు అన్నీ మునిగిపోయాయి. మలుపు దగ్గర ఇంజను రెండు నిమిషాలు ఆపమని అడిగాను, ఆపాడు. తడి ఆకుల మీంచి నీళ్ల చుక్కలు పడే చప్పుడు వినిపించింది. ఇంత దగ్గర్లోనే కాకినాడ ఉందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఈ అభయారణ్యం 1978లో ఏర్పడింది, 235 చదరపు కిలోమీటర్లకి పైనే. గౌతమి పాయ నుంచి చీలిన కోరంగి, గాడేరు పాయలు దీన్ని కోసుకుంటూ సముద్రానికి పోతాయి. కోరంగి ఊరు (కోరింగ అన్నా అదే) ఒకప్పుడు పెద్ద రేవు. రంగూన్ వెళ్లిన మన వాళ్లని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. 1789లో, మళ్లీ 1839లో వచ్చిన తుపానులకి ఆ రేవు తుడిచిపెట్టుకుపోయింది. నేనిది చెబుతుంటే మావయ్య 1996 నవంబరు తుపాను ఎత్తుకున్నారు. ఆ రాత్రి వేటకెళ్లి తిరిగిరాని తన స్నేహితులు ముగ్గురి పేర్లు ఒక్కొక్కటే చెప్పారు. "మా ఊరికి ఈ మడ అడ్డం ఉండబట్టి ఇళ్లన్నా మిగిలాయమ్మా" అన్నారు. గట్టు చేరేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

వెళ్లేవాళ్లు మామూలు రోజు, నీళ్లు దిగే వేళ కనుక్కుని వెళ్లండి. పడవ ఒక్కటే చూసుకుని తిరిగి రాకండి, కనీసం గంట వంతెన మీద గడపండి. చేతులు కప్పే బట్టలు వేసుకోండి, దోమలుంటాయి. మంచినీళ్లు మోసుకెళ్లండి, ఖాళీ సీసా తిరిగి తెచ్చుకోండి. వాన పడ్డాక కర్ర మీద జారుతుంది, చెప్పులు చూసుకోండి. సముద్రంలో ఉన్న హోప్ ఐలాండ్ దీవి దాకా మేం పోలేదు, దానికి ఒక రోజు విడిగా పెట్టుకోవాలి.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోగానే మావయ్య గోడ మీద క్యాలెండరు దింపి కళ్లద్దాలు పెట్టుకున్నారు. ఇవాళ అష్టమి, నీరు కొంచెమే దిగింది, పౌర్ణమికి ఇంకా బాగా దిగుద్ది అంటూ వచ్చే నెల పేజీ తిప్పారు.