కందా, అరటికాయా, చిలగడదుంపా? ఎయిర్ ఫ్రయర్‌లో మెక్సికన్ వేపుడుకి ఏది మేలు?

సంక్రాంతికి మా ఆడపడుచు ఎయిర్ ఫ్రయర్ తెచ్చిచ్చిన దగ్గర్నుంచి ఇంటికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. "మెక్సికన్ రుచితో వేపుడు చేస్తున్నారట కదండీ, దేంతో చేస్తే కరకరలాడుతుంది?" అడిగేవాళ్లలో సగం మందికి బెంగంతా మసాలా మీదే. అది తేలిక. కారం, జీలకర్ర, వెల్లుల్లి, నిమ్మకాయ లేని వంటిల్లు మన గోదావరి వైపు ఎక్కడుంది? పేచీ అంతా కూరగాయతోనే.

నేను చూసేది ఒక్కటే: రెండో వాయి దిగేసరికి మొదటి వాయి ఎలా ఉంది? మాది ఆరుగురున్న ఇల్లు. నాలుగు లీటర్ల బుట్టలో ముక్క మీద ముక్క పడకుండా పరిస్తే అరకిలోకి మించి పట్టదు. కాబట్టి రెండు వాయిలు తప్పవు. వీడియోల్లో అయితే బుట్టలోంచి తీసిన ముక్కని అప్పుడే విరిచి చప్పుడు వినిపిస్తారు. ఆ క్షణాన ఏ ముక్కైనా కరకరలాడుతుంది. పావుగంట ఆగి చూడాలి, అదీ మన గాలిలో. శ్రావణమాసంలో అప్పడం వేయించి కంచంలో పెడితే చారు పోసుకునేలోపు మెత్తబడే ఊళ్లు మనవి.

ఈ లెక్కన కొన్నింటిని ముందే పక్కన పెట్టేయొచ్చు. వంకాయ, బెండకాయ, కాలీఫ్లవర్ మూడింట్లోనూ నూటికి 90 పాళ్లు నీరే. రుచికి బావుంటాయి, కరకర మాత్రం అడక్కండి. మొక్కజొన్న పొత్తుకి మయోనీజ్, చీజ్, కారం, నిమ్మరసం పట్టించి మెక్సికోలో వీధుల్లో అమ్ముతారు. అది కమ్మటి తిండే కానీ వేపుడు కాదు. గింజలు ఒలిచి వేశారో, కొన్ని పేలి పైన కాయిల్ దగ్గరికి ఎగురుతాయి. తుడుచుకోవడానికి ఒక ఆదివారం పోతుంది.

ఇక మిగిలినవి మూడు.

చిలగడదుంపకి మెక్సికోతో చుట్టరికం ఉంది. అసలు ఆ దుంప మనకి వచ్చిందే అమెరికా ఖండాల నుంచి. మెక్సికో సిటీలో సాయంత్రం పూట కట్టెల మంట మీద చిలగడదుంపలు కాల్చి అమ్మే బండ్లు తిరుగుతాయి. ఆవిరితో పాత రైలింజన్‌లా కూతేస్తాయి, ఆ కూత విని జనం బయటికొస్తారు. తీపి మీద కారం, పైన నిమ్మ పులుపు పడితే రుచికి వంక పెట్టలేం. చిక్కల్లా ఆ తీపితోనే. 200 డిగ్రీల్లో పెడితే లోపలి నీరు పోకముందే అంచులు నల్లబడతాయి. 180కి తగ్గిస్తే రంగు బావుంటుంది, ముక్క మెత్తగా ఉండిపోతుంది. అరగంట నీళ్లలో నానబెట్టి, తుడిచి, కార్న్‌ఫ్లోర్ పట్టించి కూడా చూశాను. ఐదు నిమిషాలు నిలబడింది. ఒక్క వాయితో సరిపోయే చిన్న సంసారమైతే, పిల్లలున్న ఇల్లయితే, దీనికే ఓటేయండి.

రావులపాలెం గెలలు రోజూ కళ్లముందు లారీలెక్కుతుంటే అరటికాయని తక్కువ చేసి మాట్లాడలేను. పైగా ఇది ఇచ్చిపుచ్చుకున్న సరుకు. అమెరికా ఖండాల్లో పుట్టిన మిరపని పోర్చుగీసువాళ్లు మన దేశానికి తెస్తే, ఆసియాలో పుట్టిన అరటి అటు వెళ్లింది. ఇప్పుడు మెక్సికోలో టబాస్కో వైపు పచ్చి అరటిని ఒకసారి వేయించి, బల్లపరుపుగా నొక్కి, మళ్లీ వేయిస్తారు. ఆ పద్ధతి ఎయిర్ ఫ్రయర్‌కీ పనికొస్తుంది. బొంత అరటికాయని అంగుళం మందాన చక్రాలుగా తరిగి 180లో 8 నిమిషాలు ఉంచాలి. గ్లాసు అడుగుతో నొక్కి, రెండువైపులా నూనె రాసి 200లో ఇంకో 7 నిమిషాలు. వేడి మీద తింటే దీన్ని మించింది లేదు. చల్లారిందా, బిరుసెక్కిపోతుంది. మా మామగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కట్టుడు పళ్లు సర్దుకుంటూ "అమ్మాయ్, ఇది నమలాలా, చప్పరించాలా?" అన్నారు.

నా ఓటు కందకి.

కంద అనగానే మనకి బచ్చలి గుర్తొస్తుంది, ఆ తర్వాత గొంతు దురద గుర్తొస్తుంది. కొవ్వూరు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన గజేంద్ర రకానికి దురద తక్కువ. అయినా సంతలో కోసిన ముక్క కొన్నప్పుడు అది ఏ రకమో ఎవరు చెప్పగలరు? మొదటిసారి నేను పచ్చిముక్కలే నేరుగా బుట్టలో వేశాను, చివర్లో నిమ్మకాయ పిండుతాం కదా, సరిపోతుందిలే అని. ఆ రాత్రి ఇంటిల్లిపాదీ గొంతు సవరించుకుంటూనే ఉన్నాం. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. పైపైన తగిలే పొడి వేడికి అవి లొంగలేదు. మన పెద్దవాళ్లు చింతపండు వేసి ఉడికించేది ఊరికే కాదు.

అందుకని ఇప్పుడు ఇలా చేస్తున్నాను. చేతులకి నూనె రాసుకుని అరకిలో కందని చూపుడువేలంత ముక్కలుగా తరుగుతాను. పసుపు, ఉప్పు, నిమ్మకాయంత చింతపండు పిసికిన పులుసు నీళ్లలో ముప్పాతిక వంతు ఉడికిస్తాను. వార్చేశాక గిన్నె మీద మూతపెట్టి నాలుగుసార్లు గట్టిగా కుదుపుతాను. ముక్కల అంచులు నలిగి గరుకుతేలతాయి. ఆ గరుకే తర్వాత కరకరలాడేది. పాత పంచె మీద పరిచి, ఫ్యాన్ కింద పావుగంట ఆరనివ్వాలి. ఇక్కడ తొందరపడితే ఎయిర్ ఫ్రయర్ కాస్తా ఇడ్లీపాత్ర అయిపోతుంది. ఆరాక చెంచాన్నర నూనె, రెండు చెంచాల బియ్యప్పిండి పట్టించి 200లో 15 నిమిషాలు, మధ్యలో ఒకసారి కుదపాలి.

కందలో పిండి ఎక్కువ, తీపి తక్కువ. అందుకే 200 వేడిని మాడకుండా తట్టుకుంటుంది. మొదటి వాయి పావుగంట ఆగినా పైపొర నిలబడే ఉంటుంది. ఒకవేళ ముసురు పట్టి కాస్త మెత్తబడినా, చివర్లో రెండు వాయిలూ కలిపి రెండు నిమిషాలు తిప్పితే మళ్లీ లేచి కూర్చుంటుంది. ఇదే పని చిలగడదుంపతో చేస్తే మాడింది, అరటికాయతో చేస్తే చెక్కయింది. నాకు ఇక్కడే తేలిపోయింది.

మసాలాకి ప్యాకెట్ కొనక్కర్లేదు. మెక్సికన్ వంటల్లో వచ్చే ఆ పొగవాసన పొగబెట్టి ఎండించిన మిరపకాయది. మనం పచ్చిపులుసుకి ఎండుమిరపకాయలు నిప్పుల మీద కాలుస్తాం చూడండి, అలా నాలుగు కాల్చి, చెంచాడు వేయించిన జీలకర్ర, అరచెంచా ధనియాలు, ఉప్పు కలిపి దంచితే ఆ వాసన చాలావరకు వస్తుంది. ఒరెగానో బదులు చిటికెడు వాము. రెంటికీ ఘాటు దగ్గరగానే ఉంటుంది. కుండీలో వామాకు ఉంటే రెండాకులు సన్నగా తరిగి చివర్లో చల్లండి, ఇంకా బావుంటుంది. ఈ పొడిని ముక్కలు దించాకే కలపాలి. ముందే కలిపితే ఆ గాలికి కారం మాడి ఇల్లంతా దగ్గులు. వెల్లుల్లి కూడా అంతే, బుట్టలో వేస్తే చేదెక్కుతుంది. రెండు రెబ్బలు నూరి, గుడ్డలో వేలాడదీసిన గట్టి పెరుగులో కలిపి పక్కన పెట్టండి. మా పిల్లలు దాంట్లో ముంచుకుంటారు, మేం పప్పుచారు అన్నంలో నంజుకుంటాం.

నిమ్మకాయ మాత్రం ఎవరి కంచంలో వాళ్లే పిండుకోవాలి. గిన్నెలో పిండేశారా, పంచె మీద పావుగంట ఆరబెట్టిన పనంతా నీళ్లపాలే.