కాలేజీ సాకర్ టీమ్‌కి చార్టర్ బస్సు: ఒక సీజన్ వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, డ్రైవర్‌తో సహా బస్సు మొత్తాన్ని అద్దెకిచ్చే (దాన్నే చార్టర్ అంటారు) ఈ కంపెనీనే మళ్ళీ పెట్టుకుంటాం. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. పోయిన ఆ ఒక్క స్టార్ ఎందుకు పోయిందో కూడా కింద రాశాను. కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు. ఇది అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక కుటుంబం నడుపుకునే చిన్న సంస్థ, మీరుండే చోట దొరకదు. కానీ ఇలాంటి బస్సు, ఇలాంటి ఒప్పందం ఎక్కడైనా దొరుకుతాయి. ఏం అడగాలో, దేన్ని ఒప్పుకోకూడదో తెలిస్తే చాలు.

నేను అయోవాలో ఒక చిన్న కాలేజీలో మహిళల సాకర్ టీమ్‌కి అథ్లెటిక్ ట్రైనర్‌ని. చీలమండలకి టేపు వేయడం, పట్టేసిన పిక్కల్ని సాగదీయడం, తలకి దెబ్బ తగిలిన అమ్మాయిని ఎంత బతిమాలినా తిరిగి గ్రౌండ్‌లోకి పంపకపోవడం, ఇవీ నా పనులు. మాది డివిజన్ త్రీ, అంటే అమెరికా కాలేజీ ఆటల్లో మూడో స్థాయి. ఈ డివిజన్‌లో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు. బుధవారం రాత్రి మ్యాచ్ ఆడి, అర్ధరాత్రి హాస్టల్‌కి చేరి, గురువారం పొద్దున్నే ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో నిలబడే పిల్లలు వీళ్ళు. ఆట మీద ఇష్టం తప్ప వాళ్ళకి వేరే లాభం ఏమీ లేదు. పెద్ద యూనివర్సిటీల టీముల్లాగా మాకు విమానాలు ఉండవు. ఇల్లినాయ్ అయినా విస్కాన్సిన్ అయినా బస్సులోనే వెళ్ళాలి.

2025 సీజన్‌లో ఆ బస్సు అవసరం ఇంకా పెరిగింది. మా గ్రౌండ్‌లో పాత టర్ఫ్ తీసేసి కొత్తది పరిచే పని వేసవిలోనే అయిపోవాల్సింది. అవలేదు. దాంతో 'హోమ్' మ్యాచ్‌లు కూడా ముప్పావుగంట దూరంలో ఒక హైస్కూల్ గ్రౌండ్‌లో ఆడాం. ఆరుగురు సీనియర్లకి ఇది ఆఖరి సీజన్. ఆగస్టు నుంచి నవంబర్ దాకా దాదాపు ప్రతి మ్యాచ్‌కీ బ్యాగు సర్దుకుని బస్సెక్కాల్సి వచ్చింది. అందుకే ఈ బస్సు గురించి ఇంత పట్టించుకున్నాను. వాళ్ళ కాళ్ళు గ్రౌండ్‌లో కన్నా బస్సులోనే ఎక్కువ గంటలు గడిపాయి.

మొదట డ్రైవర్ గంటల సంగతి చెప్పాలి. చార్టర్ బస్సు పెట్టుకునేవాళ్ళు ఎక్కువమంది అడగని విషయం ఇదే. ఫెడరల్ చట్టం ప్రకారం ప్రయాణికుల బస్సు డ్రైవర్ వరుసగా 8 గంటలు విశ్రాంతి తీసుకున్నాక 10 గంటలకి మించి బండి నడపకూడదు. డ్యూటీలో 15 గంటలు దాటాక స్టీరింగ్ అసలే పట్టకూడదు. ఇప్పుడు మా యాపిల్టన్ ట్రిప్ లెక్క చూడండి. విస్కాన్సిన్‌లో ఉన్న ఆ ఊరు మాకు దాదాపు ఆరు గంటల దూరం. మ్యాచ్ శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి. గంటన్నర ముందే గ్రౌండ్‌లో ఉండాలి కాబట్టి తెల్లవారుజామున ఐదింటికే బయల్దేరాలి. ఆట అయి, పిల్లలు స్నానాలు చేసి, ఏదో తిని మళ్ళీ ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటుతుంది. నడిపే గంటలే పన్నెండు. ఒక్క డ్రైవర్‌తో ఇది చట్టప్రకారం కుదరదు. దారిలో రెండో డ్రైవర్ ఎక్కాలి, లేదా ముందు రోజు వెళ్ళి హోటల్లో పడుకోవాలి.

మేం మూడు చోట్ల కొటేషన్ అడిగాం. అన్నిటికన్నా తక్కువ చెప్పిన చోట "ఒక డ్రైవర్ సరిపోతాడు, మేం చూసుకుంటాం" అన్నారు. ఆ ఫోన్ అక్కడితో పెట్టేశాను. ముప్పైమంది పిల్లల్ని రాత్రిపూట హైవే మీద తీసుకెళ్ళే మనిషికి నిద్ర ఉందో లేదో 'చూసుకునే' విషయం కాదు, కాగితం మీద రాయాల్సిన విషయం. మేం ఎంచుకున్న కంపెనీ అడక్కముందే కొటేషన్‌లో రాసింది: శుక్రవారం సాయంత్రం బయల్దేరాలి, డ్రైవర్‌కి విడిగా హోటల్ గది ఇవ్వాలి, ఆ గది ఖర్చు టీమ్‌దే. మొదట మా ఆఫీసులో ఆ ఖర్చు చూసి కాస్త తటపటాయించారు. నాకైతే ఆ గది డబ్బే ఈ సీజన్‌లో మేం పెట్టిన ఖర్చులన్నిటిలోకీ మంచి ఖర్చు. పిల్లలు కూడా ఆరు గంటలు ముడుచుకుని కూర్చుని నేరుగా గ్రౌండ్‌లోకి దిగకుండా, రాత్రంతా మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకున్నారు.

ఈ లెక్కకి ఇంకో విషయం కూడా కలిసొచ్చింది. మా సీనియర్లు కాలేజీలో చేరిన 2022లోనే రెగ్యులర్ సీజన్‌లో ఓవర్‌టైమ్ తీసేశారు. అంతకుముందు స్కోరు సమమైతే పది నిమిషాల చొప్పున రెండు పీరియడ్లు, ఎవరు ముందు గోల్ కొడితే వాళ్ళదే గెలుపు. ఇప్పుడు తొంభై నిమిషాలు అవగానే డ్రా. కాబట్టి బస్సు ఎన్నింటికి కదులుతుందో ముందే చెప్పగలం. రెగ్యులర్ సీజన్ అయ్యాక జరిగే పోస్ట్‌సీజన్ టోర్నమెంట్‌లో మాత్రం ఓవర్‌టైమ్ ఉంది, తర్వాత పెనాల్టీలు కూడా ఉంటాయి. అలాంటి రోజుకి రెండో డ్రైవర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

ఇక బస్సు. మాకు ఎక్కువగా వచ్చింది ఎంసీఐ జే4500. పొడవు 45 అడుగులు, మాకొచ్చిన దాంట్లో 56 సీట్లు. ఆటగాళ్ళు, కోచ్‌లు, నేను, అందరం కలిపి ముప్పైమూడుమందిమి, కాబట్టి చాలామందికి రెండేసి సీట్లు దొరికాయి. చిన్న బస్సు చాలు కదా అని డబ్బు మిగుల్చుకోవాలనిపిస్తుంది. వద్దు. మోకాళ్ళు మడిచి గంటల తరబడి కూర్చుంటే పిక్కల్లో నీరు చేరుతుంది, చీలమండలు ఉబ్బుతాయి, తుంటి ముందు కండరాలు బిగుసుకుపోతాయి. అప్పటికే బెణికిన కాలైతే మరీ కష్టం. పక్క సీటు ఖాళీగా ఉంటే కాలు పైకి పెట్టి, ఐస్ కట్టి, దిండు కింద పెట్టగలను. మా మిడ్‌ఫీల్డర్ ఒకమ్మాయి తెలుగు పిల్ల, ఇల్లినాయ్‌లోని నేపర్‌విల్ నుంచి వచ్చింది. అందరిముందూ నన్ను పేరుతోనే పిలుస్తుంది, పక్కన ఎవరూ లేనప్పుడు మాత్రం "అక్కా, ఈ సీట్లో కాలు పెట్టుకోనా?" అంటుంది. ఆ ఖాళీ సీటు విలువ ఆ అమ్మాయికి బాగా తెలుసు.

ఎక్కడ కూర్చోవాలన్నది కూడా ముఖ్యమే. మా టీమ్‌లో వెనక వరసలు సీనియర్లవి, అది ఎప్పట్నుంచో ఉన్న హక్కు. కానీ ఈ బస్సుల్లో ఇంజిన్ వెనకే ఉంటుంది, టాయిలెట్ కూడా అక్కడే. వేడి, చప్పుడు, కుదుపు అన్నీ వెనకే ఎక్కువ. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య వరసల్లో ప్రయాణం మెత్తగా సాగుతుంది. సెప్టెంబర్‌లో మా లెఫ్ట్ బ్యాక్ (ఎడమవైపు డిఫెండర్) అమ్మాయికి తొడ వెనక కండరం పట్టేసింది. మధ్యలో కూర్చోమన్నాను. నాలుగేళ్ళు ఎదురుచూసిన వెనక సీటు వదిలి, స్నేహితుల్ని వదిలి ఒంటరిగా కూర్చోవాలంటే కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. తర్వాతి ట్రిప్‌కి ఆరుగురు సీనియర్లూ కలిసి మధ్య వరసల్లోకి వచ్చేశారు. వెనక సీట్లు ఫస్టియర్ పిల్లలకి ఇచ్చేశారు. ఎవరూ చెప్పలేదు, కెప్టెన్ సొంతంగా తీసుకున్న నిర్ణయం. ఆ రోజు ఆ పిల్లల్ని చూసి నాకు ఎంత గర్వమనిపించిందో మాటల్లో చెప్పలేను.

కింద సామాన్ల అర చాలా పెద్దది. బంతుల సంచులు, రెండు పెద్ద కూలర్లు, నా మడత బల్ల, స్ప్లింట్ల బ్యాగు అన్నీ పట్టి ఇంకా చోటు మిగిలింది. ఏఈడీ (గుండె ఆగినప్పుడు షాక్ ఇచ్చే యంత్రం) మాత్రం కింద పెట్టొద్దు, పైకే తెచ్చుకోండి. చార్జింగ్ సాకెట్లు ప్రతి వరసలో పనిచేశాయి. వైఫై ఉందంటారు గానీ మొక్కజొన్న చేల మధ్య దాన్ని నమ్ముకోకండి, అసైన్‌మెంట్లు ముందే డౌన్‌లోడ్ చేసుకోమని చెప్పండి. టాయిలెట్ అత్యవసరానికి మాత్రమే.

రెండు గంటలకోసారి ఆగడం నేను పెట్టిన నియమం. డ్రైవర్ దానికి ఎప్పుడూ విసుక్కోలేదు. ఇల్లినాయ్ వైపు వెళ్ళినప్పుడు ఐ-80 హైవే మీద వాల్‌కాట్ దగ్గర, 284వ ఎగ్జిట్‌లో, 'అయోవా 80' అనే ట్రక్‌స్టాప్ ఉంది. 1964లో మొదలైంది, ప్రపంచంలోనే అతి పెద్ద ట్రక్‌స్టాప్ తమదేనని చెప్పుకుంటారు. ఇంత పెద్ద బస్సు ఇబ్బంది లేకుండా ఆగుతుంది, ఐస్ దొరుకుతుంది, పిల్లలు నడిచి, తుంటి కండరాలు సాగదీసుకోవడానికి చోటుంటుంది. గేల్స్‌బర్గ్ వెళ్ళినా, లేక్ ఫారెస్ట్ వెళ్ళినా అక్కడే ఆగాం.

డ్రైవర్ గురించి ఎంత రాసినా తక్కువే. అరవై దాటిన పెద్దాయన. బ్రేకు వేసినట్టే తెలియదు, నిద్రపోతున్న పిల్లల తలలు ముందుకి వాలవు. తిరుగు ప్రయాణంలో తొమ్మిది దాటగానే పెద్ద లైట్లు ఆర్పేసేవారు, చదువుకునేవాళ్ళకి సీటు మీది చిన్న లైట్లు మిగిలేవి. ఓడిపోయిన రోజు రేడియో పెట్టేవారు కాదు. ప్రతి మ్యాచ్‌కీ స్టాండ్స్‌లో కూర్చుని చూశారు. అక్టోబర్‌కల్లా అందరి నంబర్లూ, పేర్లూ ఆయనకి వచ్చేశాయి. హైస్కూల్ గ్రౌండ్‌లో సీనియర్ డే (ఆఖరి ఏడాది ఆటగాళ్ళకి వీడ్కోలు) చేసిన రోజు, ఆరు పూలగుత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడితే, ముందు సీట్లలో ఏసీ గాలి తగిలేచోట నిలబెట్టి వాటికి సీటు బెల్టులు పెట్టారు. ఒక్క రేక రాలలేదు. తల్లిదండ్రులతో సీనియర్ల ఫోటోలు కూడా ఆయనే తీశారు.

లేక్ ఫారెస్ట్ మ్యాచ్‌కి ఆ తెలుగు అమ్మాయి వాళ్ళమ్మగారు పెద్ద ట్రేలో పులిహోర తెచ్చారు. "ముందు డ్రైవర్ గారికి పెట్టండమ్మా, ఆయనే కదా మా పిల్లని తీసుకెళ్ళేది" అన్నారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "రాత్రిపూట ఇంత దూరం... సేఫేనా?" అని మెల్లగా అడిగారు. టెన్షన్ ఉండదా మరి, కన్నతల్లికి. ఆవిడకి చెప్పిందే మీకూ చెప్తున్నాను. బస్సు పక్కన యూఎస్‌డాట్ నంబర్, అంటే అమెరికా రవాణా శాఖ కంపెనీకి ఇచ్చే నంబర్, రాసి ఉంటుంది. దాన్ని ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ సంస్థవాళ్ళ 'సేఫర్' వెబ్‌సైట్‌లో కొడితే కంపెనీ తనిఖీల రికార్డు, ప్రమాదాల వివరాలు కనిపిస్తాయి. రేటింగ్ ఇచ్చి ఉంటే 'శాటిస్‌ఫాక్టరీ' అని ఉండాలి. రాష్ట్రం దాటి వెళ్ళే ఇంత పెద్ద బస్సుకి కనీసం 50 లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ తప్పనిసరి, ఆ కాగితం చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. ఇంకొకటి, బస్సు ఏ సంవత్సరం తయారైందో అడగండి. 2016 నవంబర్ తర్వాత తయారైన ఇలాంటి పెద్ద బస్సులన్నిటికీ ప్రతి సీటుకీ భుజం మీదుగా వచ్చే బెల్టు ఉండాలి. అంతకుముందు వాటికి ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

ఆ స్టార్ పోయింది ఇక్కడే. అక్టోబర్‌లో ఒక పొద్దున్న మా బస్సుకి బదులు పాతది వచ్చింది. మా బస్సు రిపేర్‌లో ఉందట, ముందు రోజు రాత్రే తెలుసట, మాకు ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ బస్సులో ఏ సీటుకీ బెల్టు లేదు. పిల్లల్ని ఎక్కించనని మా కోచ్ అక్కడే చెప్పేశారు, నేనూ ఆమె పక్కనే నిలబడ్డాను. ఆఫీసుకి ఫోన్ చేస్తే చాలాసేపు ఎవరూ ఎత్తలేదు. ఇంకో బస్సు వచ్చేసరికి గంటన్నర పోయింది. అవతలి కోచ్ మంచి మనసుతో ఆటని అరగంట వెనక్కి జరిపారు. అయినా వార్మప్‌కి సమయం చాలక, ఆగి ఉన్న బస్సులోనే నడవలో మోకాళ్ళ మీద కూర్చుని చీలమండలకి టేపులు వేశాను. ఆ ఆట డ్రా అయింది. ఒక సీనియర్ ఆఖరి సీజన్‌లో ఉండేవే కొన్ని ఆటలు. అందులో ఒకదాన్ని ఇలా హడావుడిగా మొదలుపెట్టించడం నాకు చాలా బాధ కలిగించింది.

మర్నాడు కంపెనీ యజమానురాలు స్వయంగా ఫోన్ చేశారు. సాకులు చెప్పలేదు. ఆ రోజు బిల్లులో సగం తగ్గించారు. మా అనుమతి లేకుండా బస్సు మార్చకూడదు, మార్చాల్సి వస్తే బెల్టులున్నదే పంపాలి అని ఒప్పందంలో చేర్చారు. ఆ తర్వాత సీజన్ ముగిసేదాకా ఒక్క ఇబ్బంది లేదు. మూడున్నరకి దిగాల్సిన రేటింగ్ నాలుగు దగ్గర నిలబడింది ఆ ఒక్క ఫోన్ వల్లే.

డబ్బు విషయం క్లుప్తంగా. కొందరు రోజు లెక్కన, కొందరు మైలు లెక్కన తీసుకుంటారు. మైలు లెక్కైతే డెడ్‌హెడ్ మైళ్ళు, అంటే షెడ్డు నుంచి మీ దగ్గరకి ఖాళీ బస్సు వచ్చే దూరం, బిల్లులో ఉన్నాయో లేదో చూసుకోండి. డ్రైవర్ టిప్పు మామూలుగా బిల్లులో ఉండదు. మేం పిల్లల తల్లిదండ్రుల దగ్గర తలా కొంత పోగుచేసి సీజన్ చివర ఇచ్చాం. టీమ్‌కి ఏ భోజనం తెప్పిస్తే ఆయనకీ అదే.

టర్ఫ్ పని ఇప్పుడు అయిపోయింది, వచ్చే ఏడాది హోమ్ మ్యాచ్‌లు మా గ్రౌండ్‌లోనే ఆడతాం. ఆ ఆరుగురూ అప్పటికి ఉండరు. రాబోయే పిల్లల కోసం యాపిల్టన్, రిపన్, గేల్స్‌బర్గ్ ట్రిప్పులకి ఈ కంపెనీకే అడ్వాన్స్ కట్టేశాం. ఆగస్టు దగ్గరపడ్డాక అడిగితే మంచి బస్సులు దొరకడం కష్టం. అదే డ్రైవర్ కావాలని ఒప్పందంలో రాయించాను, ఆయన కూడా సరేనన్నారు.