ఆదివారం ఫోరమా, బుధవారం సూపా, నాలుగేళ్ల ఈఎఫ్ఎమ్మా: ఏది మేలు?

ఆగస్టు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. అందరూ మనవాళ్లే. ఊళ్లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిలో పెరిగి, ఇక్కడ అమెరికాలో ఇంటికి దగ్గరని ఎపిస్కోపల్ చర్చికి వెళ్తున్నవాళ్లు. ఆరాధన గురించి ఎవరూ అడగరు. ఎపిస్కోపల్ లాగే సీఎస్ఐ కూడా ఇంగ్లండ్ చర్చి కుటుంబమైన ఆంగ్లికన్ కమ్యూనియన్‌లోదే కదా, సంస్కారపు బల్ల దగ్గరికి వచ్చేసరికి భాష మారినా వరస తెలిసినట్టే ఉంటుంది. అడిగేదల్లా ఒకటే: "అక్కా, బులెటిన్‌లో పెద్దవాళ్లకి ఇన్ని క్లాసులు వేశారు. దేంట్లో చేరమంటావు?"

నేను మూడేళ్లు ఆదివారం ఫోరమ్‌లో కూర్చున్నాను. నాలుగు లెంట్‌లు (ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమకాలాలు) బుధవారం సూప్ కూడికకి గిన్నె మోశాను. పోయిన ఏడాది ఈఎఫ్ఎమ్ అనే నాలుగేళ్ల చదువులో మొదటి సంవత్సరం పూర్తిచేసి, ఈ సెప్టెంబర్‌కి రెండో ఏడాది ఫీజు కూడా కట్టేశాను. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే తెలిసిపోతోంది. అయినా మిగతా రెండింటికీ అన్యాయం చేయకుండా చెప్పడానికి చూస్తాను.

ముందు ఫోరమ్. మా చర్చిలో పొద్దున ఎనిమిదింటికి ఒక ఆరాధన, పదిన్నరకి ఒకటి. మధ్యలో తొమ్మిదింబావుకి పారిష్ హాల్లో మడత కుర్చీలు వేస్తారు, గోడవారన కాఫీ, నిమ్మకాయ కేకు ముక్కలు పెడతారు. ఒక వారం కాలేజీ ప్రొఫెసర్ వచ్చి పౌలు పత్రికల మీద మాట్లాడతారు. ఇంకో వారం దగ్గర్లోని సినగాగ్ నుంచి యూదుల రబ్బీ వచ్చి పస్కా గురించి చెప్తారు. ఆ పై వారం చర్చి బడ్జెట్. ఇది క్లాసో, కాలక్షేపమో చెప్పడం కష్టం. కానీ వక్తలు మంచివాళ్లు దొరికితే నిజంగా బాగుంటుంది. డబ్బు కట్టక్కర్లేదు, ముందుగా ఏమీ చదవక్కర్లేదు, పిల్లలు అదే టైమ్‌కి సండే స్కూల్లో ఉంటారు. చిన్నపిల్లల తల్లిదండ్రులకి ఈ చివరిదొక్కటే చాలు, ఫోరమ్‌కే ఓటేస్తారు. నేనూ అందుకే మూడేళ్లు వెళ్లాను.

ఆ మూడేళ్లలో నేను నోరు తెరిచింది ఒకే ఒక్కసారి. ఎవరో నా పక్కనున్న కుర్చీ ఖాళీయేనా అని అడిగితే, అవునన్నాను.

నవ్వుకోవడానికి చెప్పడం లేదు. నా లెక్కలో ఏది మేలో తేల్చేది ఇదే. సిలబస్ కాదు, ఫీజు కాదు, ఎన్ని వారాలన్నదీ కాదు. అక్కడ మీరు నోరు విప్పాల్సి వస్తుందా, రాదా?

మనం వినడానికి అలవాటు పడినవాళ్లం. అయ్యగారు చెప్తారు, మనం తల ఊపుతాం. కాటేజ్ మీటింగ్ అయినా, స్త్రీల మైత్రి అయినా, శ్రమకాలపు కూడిక అయినా మాట్లాడేవాళ్లు ఒకరే. మిగతావాళ్లు పాట పాడతారు, ప్రార్థన చేస్తారు, టీ తాగుతారు. సాక్ష్యం చెప్పమంటే లేచి చెప్తాం గానీ, దానికీ ఒక మూస ఉంది. అప్పుడు అలా ఉన్నాను, ప్రభువు పట్టుకున్నాడు, ఇప్పుడు ఇలా ఉన్నాను. ప్రశ్న అడగడం మాత్రం నేర్చుకోలేదు. అడిగితే విశ్వాసం తక్కువేమో అనుకుంటారని భయం. ఇక్కడికొచ్చాక దానికి యాస టెన్షన్ తోడైంది. నలభై మంది మధ్యలో చెయ్యెత్తి, మైకు చేతికి తీసుకుని, "పార్డన్?" అనిపించుకోవడం ఎవరికి కావాలి? ఫోరమ్‌లో ఎన్నేళ్లు కూర్చున్నా ఆ అలవాటు పోదు. వెనక వరస కుర్చీ అంత సుఖంగా ఉంటుంది.

బుధవారం సూప్ సంగతి వేరు. లెంట్‌లో ఐదు బుధవారాలు, సాయంత్రం ఆరింటికి. గోడకి సైనప్ షీటు అంటిస్తారు. ఒకరు బ్రెడ్, ఇద్దరు ముగ్గురు సూప్, ఒకరు గిన్నెలు కడగడం. లెంట్ కాబట్టి మాంసం లేని సూపులు. మొదటి ఏడు ఏం చేయాలో తోచక క్రాక్‌పాట్‌లో పప్పుచారు పట్టుకెళ్లాను. మునక్కాయ వేస్తే నమిలి మింగబోతారేమోనని సొరకాయతో సరిపెట్టాను. "లెంటిల్ సూప్" అని చీటీ రాసి పెట్టారు. లెంట్‌కి లెంటిల్, బానే ఉందనుకున్నాను. గిన్నె అడుగు కనిపించింది. ఇప్పుడు సైనప్ షీటు వేసేటప్పుడే రెండో బుధవారం పక్కన నా పేరు రాసేసి ఉంచుతారు.

తిన్నాక ముప్పావుగంట ఏదో ఒక పాఠం. ఒక ఏడు కీర్తనలు, ఒక ఏడు ప్రార్థన పద్ధతులు. చివర లైట్లు తగ్గించి కాంప్లిన్ చదువుకుని ఇళ్లకి పోతాం. రాత్రి పడుకునే ముందు చేసే ఆ చిన్న ప్రార్థనా క్రమం మీకు తెలియకపోతే, దానికోసమైనా ఒక్క బుధవారం వెళ్లండి. కొత్తగా వచ్చినవాళ్లకి, ముఖ్యంగా ఉద్యోగం లేక ఇంట్లోనే ఉండే ఆడవాళ్లకి, నేను మొదట చెప్పేది సూపే. బల్ల దగ్గర ఎదురుగా కూర్చున్నాక మాట్లాడక తప్పదు, మాట్లాడేది పప్పుచారు గురించే అయినా సరే. మనుషులు పేర్లతో తెలుస్తారు. హాస్పిటల్లో ఉంటే క్యాసరోల్ పట్టుకొచ్చేది ఈ బల్ల దగ్గర పరిచయమైనవాళ్లే.

దాంతో నాకున్న పేచీ ఒకటే. ఐదు వారాలకి అయిపోతుంది. పాఠం కాస్త లోతుకి వెళ్తోందనుకునేసరికి మట్టల ఆదివారం వచ్చేస్తుంది. ఈస్టర్ తర్వాత ఆ గుంపు ఎవరిదారి వాళ్లది.

ఇక ఈఎఫ్ఎమ్. పూర్తిపేరు ఎడ్యుకేషన్ ఫర్ మినిస్ట్రీ. టెనెసీ రాష్ట్రంలో సెవానీ అనే కొండ ఊళ్లో ఎపిస్కోపల్ వాళ్ల యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ ఉంది. అక్కడి స్కూల్ ఆఫ్ థియాలజీ 1975 నుంచి దీన్ని నడుపుతోంది. పేరు చూసి చాలామంది, ఇది చదివితే పాస్టర్ అవుతామా అని అడుగుతారు. అవరు. పాస్టర్లు కానివాళ్ల కోసమే పెట్టిన చదువు ఇది. పరీక్షల్లేవు, మార్కుల్లేవు. మొదటి ఏడాది పాత నిబంధన, రెండో ఏడాది కొత్త నిబంధన, మూడో ఏడాది చర్చి చరిత్ర, నాలుగో ఏడాది వేదాంతం, నీతి, ఇతర మతాలతో సంభాషణ. ఏ ఏడాదికి ఆ ఏడాదే ఫీజు, ఆ ఏడాదే ఒప్పుకోలు. నచ్చకపోతే ఒక్క ఏడాదితో ఆపేయొచ్చు.

సెప్టెంబర్ నుంచి మే, జూన్ దాకా వారానికోసారి, మా గుంపుకైతే గురువారం రాత్రి రెండున్నర గంటలు. అన్ని సంవత్సరాల వాళ్లూ ఒకే గుంపులో కూర్చుంటారు. నేను నిర్గమకాండంలో ఉంటే పక్కావిడ మార్టిన్ లూథర్ దగ్గర ఉంటుంది. గుంపుని నడిపే మెంటర్ పాఠం చెప్పరు. ఎవరు ఏం చదివారో, ఎక్కడ ఆగిపోయారో వాళ్లే చెప్పాలి. మేము ఎనిమిది మందిమి. ఎనిమిది మందిలో వెనక వరస ఉండదు.

మొదటి వారాల్లో ఒక్కొక్కరు తమ ఆధ్యాత్మిక జీవితకథ చెప్పుకుంటారు. నేను సాక్ష్యం లాంటిదే కదా అని ధీమాగా వెళ్లాను. కాదు. దీనికి మలుపు ఉండక్కర్లేదు. నేను దోర్నకల్‌తో మొదలుపెట్టాను. తెలంగాణలోని ఆ ఊరికి అజరయ్య 1912లో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. మా నాయనమ్మ తల మీద చేతులుంచి కన్ఫర్మేషన్ ఇచ్చింది ఆయనే. ఆ సంగతి ఆవిడ చచ్చేదాకా చెప్పుకుంది. నేను చెప్పింది ఇరవై నిమిషాలు. ఇంగ్లిష్‌లో అంతసేపు నా గురించి మాట్లాడటం అదే మొదటిసారి. ఎవరూ "పార్డన్" అనలేదు.

తర్వాత జనవరిలో అనుకుంటా, ఒక గురువారం నా వంతు వచ్చింది. దీన్ని వాళ్లు థియలాజికల్ రిఫ్లెక్షన్ అంటారు. గుంపులో ఒకరు తమకి జరిగిన ఒక చిన్న సంఘటన చెప్పాలి. అందులో మనసు ఎక్కడ చివుక్కుమందో వెతికి, దానికొక బొమ్మ కట్టాలి. ఆ బొమ్మ బైబిల్లో ఎక్కడుంది, మన చుట్టూ ఉన్న సమాజం దాని గురించి ఏమంటోంది, నేను దేన్ని నమ్ముతున్నాను అని ఒక్కోటీ మాట్లాడుకోవాలి. నేను చెప్పింది కాఫీ అవర్ ముచ్చట. ఒకావిడ ఎంతో ప్రేమగా నన్నడిగింది: "మీరు ఇక్కడికొచ్చాక మారారా, అక్కడే మారారా?" మచిలీపట్నంలో నోబుల్, ఫాక్స్ అనే ఇంగ్లిష్ మిషనరీలు దిగింది 1841లో. మా వాళ్లు ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేనంత పాత సంగతి. ఇదంతా ఆవిడకి చెప్పలేదు. నవ్వి, కప్పు కింద పెట్టి వచ్చేశాను.

బొమ్మ ఏమిటని మెంటర్ అడిగితే, సొంతింటి తలుపు కొడితే లోపల్నుంచి "ఎవరు కావాలండీ?" అని వినిపించినట్టు అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బైబిల్లో ఎక్కడుంది అన్నప్పుడు నాకు ఇంగ్లిష్ వాక్యం రాలేదు, తెలుగులోనే వచ్చింది: "ఆయన తన స్వకీయులయొద్దకు వచ్చెను, ఆయన స్వకీయులు ఆయనను అంగీకరింపలేదు." యోహాను మొదటి అధ్యాయం. తెలుగులోనే చదవమన్నారు, చదివాను. ఆ మాట చిన్నప్పటినుంచి ప్రతి క్రిస్మస్‌కీ వింటున్నాను. అది నా గురించి కూడా అని ఎప్పుడూ అనుకోలేదు. మిగతావాళ్లు ఏమన్నారో రాయను. గదిలో మాట గది దాటకూడదన్నది మొదటి వారమే అందరం ఒప్పుకున్న కట్టుబాటు. ఆ పై ఆదివారం నేనే ఆవిడ దగ్గరికి వెళ్లి దోర్నకల్ గురించి చెప్పానని మాత్రం రాయగలను.

మూడేళ్ల ఫోరమ్ నాకు చాలా విషయాలు నేర్పింది, కాదనను. ఆ గురువారం లాంటిది మాత్రం అందులో జరిగే వీలే లేదు.

ఈఎఫ్ఎమ్‌కి లోపాలు లేవా? బోలెడు. టైమ్ తినేస్తుంది. మీటింగ్ కాక చదవడానికే నాకు వారానికి మూడు గంటలు పట్టేది. ఫీజు కొన్ని వందల డాలర్లు. చర్చినో బిషప్ పరిధిలోని డయోసిస్‌నో అడిగితే చాలాచోట్ల కొంత సాయం చేస్తారు, మొహమాటపడకండి. ఇంకోటి, మొదటి ఏడాది చదువు మనవాళ్లలో కొందరికి మింగుడుపడదు. ఆదికాండం మొదటి అధ్యాయంలో చెట్లు, జంతువులు అయ్యాక మనుషులు. రెండో అధ్యాయంలో ముందు మనిషి, తర్వాత తోట, జంతువులు, ఆ తర్వాత స్త్రీ. ఈ రెండూ వేర్వేరు కాలాల్లో వేర్వేరు చేతులు రాసినవని పండితులు ఎందుకంటారో రెండో నెలకే చదివిస్తారు. నాకు వారం రోజులు నిద్ర సరిగా పట్టలేదు. మా అమ్మకి ఫోన్‌లో చెప్తే, "అలాంటివి చదవకే" అంది. చదివాను. ప్రార్థన మానలేదు, బైబిల్ మీద ప్రేమ తగ్గలేదు. కానీ అందరికీ ఇలాగే అవుతుందని హామీ ఇవ్వలేను.

అన్నిటికంటే పెద్ద చిక్కు మెంటర్. శిక్షణ ఇచ్చే పంపుతారు, అయినా మనిషిని బట్టే ఉంటుంది. దీనికి ముందు ఒక గుంపుకి ఊరికే చూడటానికి వెళ్లాను. ఆ రెండు గంటలూ మెంటరే మాట్లాడాడు. అలాంటిదైతే ఫోరమే నయం, కాఫీ అయినా ఉంటుంది.

ఆన్‌లైన్ ఈఎఫ్ఎమ్ కూడా ఉంది. దగ్గర్లో గుంపు లేకపోతే అదే దిక్కు. జూమ్‌లో మౌనం వస్తే నెట్ పోయిందేమో అనిపిస్తుంది, అంతే తేడా.

చిన్నా చితకా కొన్ని ఉన్నాయి. ఇన్‌క్వైరర్స్ క్లాస్ కొత్తగా చేరేవాళ్లకి. సీఎస్ఐలో పెరిగితే సగం తెలిసిందే. నెలకోసారి ఒకరి ఇంట్లో భోంచేసే ఫోయర్ గ్రూపులు సరదాకి బావుంటాయి, చదువు ఉండదు. క్రైస్తవ విశ్వాసాన్ని పరిచయం చేసే ఆల్ఫా కోర్సు కొన్నిచోట్ల పెడతారు, నేను వెళ్లలేదు. 2019లో ఎపిస్కోపల్ చర్చి మొదలుపెట్టిన సేక్రెడ్ గ్రౌండ్ అని ఒకటుంది, సినిమాలు చూసి అమెరికాలో జాతి వివక్ష గురించి మాట్లాడుకునే కూడికలు. వాళ్లు జాతి అన్న ప్రతిచోటా నా చెవికి కులం అని వినబడింది. మన చర్చిల్లో ఎంతమంది మాల మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లమో తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. దాని గురించి ఎప్పుడైనా విడిగా రాయాలి.

కాబట్టి ఫోన్ చేసేవాళ్లకి నేను చెప్పేది ఇది. వచ్చి ఏడాది కాలేదా, సూప్ బల్ల దగ్గర మొదలుపెట్టండి. పిల్లలు ఐదేళ్ల లోపువాళ్లా, ఫోరమ్‌తో కానివ్వండి, తప్పేం లేదు. వారానికి ఒక రాత్రి ఇంట్లోంచి బయటపడగలిగితే మాత్రం ఈఎఫ్ఎమ్. చేరే ముందు మెంటర్‌కి ఫోన్ చేసి మూడు అడగండి: గుంపులో ఎంతమంది, ఎంతమంది పాతవాళ్లు, పోయినవారం ఎక్కువసేపు మాట్లాడింది ఎవరు? మూడోదానికి ఆయన ఆలోచించి ఎవరో ఒకరి గురించి చెప్తే చేరండి. "నేనే" అంటే వేరే గుంపు చూసుకోండి.

మా ఇంట్లో గురువారాలు వంట మా ఆయనది. పోయిన ఏడాదంతా ఉప్మాయే. ఈ ఏడు పప్పుచారు నేర్పిస్తున్నాను, లెంట్‌కి కూడా పనికొస్తుంది.